దావత్ అంటే పిలుపా, తిండా?

మొన్న దేవరకొండ దగ్గర మా చిన్నమ్మ కొడుకు పెండ్లి అయింది. శుభలేఖలో 'విందు' అని ఒకచోట, 'రిసెప్షన్' అని ఇంకోచోట అచ్చేశారు. ఇంట్లో మాత్రం ఆ రెండు మాటలూ ఎవరి నోటా వినలేదు. "ఆదివారం దావత్, తప్పకుండ రావాలె" అన్నారు, అంతే. పెండ్లినాడు పందిట్లో పప్పు, సాంబారుతో తిన్నది పెండ్లి భోజనం. తర్వాత పిల్లగాని ఇంటికాడ బగారన్నం, మటన్ పెట్టిందే దావత్.

అరబ్బీలో ఈ మాటకు మూలార్థం పిలవడం. ఉర్దూలో పిలుపు, విందు రెండూ. శుభలేఖను దావత్‌నామా అంటారు. 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉన్న ఇలాకా మనది, మాట రావడంలో వింతేం లేదు. మన దగ్గరికి వచ్చేసరికి పిలుపు జారిపోయి విస్తరి మిగిలింది. "దావత్‌కు పిలిచిండు" అంటే పిలుపుకు పిలిచినట్టని ఎవరికీ తోచదు. అన్నట్టు, కోర్టులో వేసే దావా కూడా ఇదే ధాతువు. విస్తట్లో మటన్ ముక్క పడనివాళ్లు రెండింటినీ కలిపేస్తారు, అది వేరే సంగతి!

'విందు' అచ్చ తెలుగు, అదే వాడాలి అనేవాళ్లున్నారు. దాని కథా ఇంతే. పాత తెలుగులో విందు అంటే అతిథి, చుట్టం కూడా. ఒక మాట చుట్టం దగ్గర, ఇంకోటి పిలుపు దగ్గర బయల్దేరి ఒకే బంతిలో కూర్చున్నాయి. నేనైతే దేన్నీ లేపను.

మహబూబ్‌నగర్ నుంచి ఒకరు:
మా పక్కింటివాళ్ల కార్డు మీద 'దావత్-ఎ-వలీమా' అని ఉంటుందన్నా. నిఖా తర్వాత పెండ్లికొడుకు వైపువాళ్లు ఇచ్చే విందు వలీమా. అక్కడ దావత్ అంటే ఇంకా పిలుపే కద.

మిర్యాలగూడ నుంచి ఇంకొకరు:
మా దగ్గర పెండ్లే కానక్కర్లేదు. బండి కొన్నా, నౌకరీ వచ్చినా "దావత్ ఎప్పుడిస్తవ్?" అంటరు. అప్పుడు పిలిచేది పెట్టేటోడు కాదు, తినేటోడు.

నా జవాబు:
ఇది నాకు తట్టలేదు తమ్మీ. మొన్న ఫోన్ కొన్నప్పటి నుంచి నన్నూ నలుగురు పిలుస్తున్నారు.