ఆదివారం డ్రమ్స్ ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారు, ఏం చేయాలి? (గుంటూరు)

బ్రాడీపేట బీట్:

అందరికీ నమస్కారం. బ్రాడీపేటలో ఒక మేడ మీద గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం 4 నుంచి 6 దాకా డ్రమ్స్ ప్రాక్టీసు పెడుతున్నాం. ఫీజేమీ లేదు, సరదాకే. ఉన్నది ఒక్కటే కిట్: 22 అంగుళాల కిక్ (కాలి పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్), 10, 12 టామ్‌లు, 16 ఫ్లోర్ టామ్, 14 స్నేర్ (కింద తీగలుండే డ్రమ్), హైహ్యాట్ (పెడల్‌తో కలిసే జంట సింబల్స్), సింబల్స్‌లోనే ఒక క్రాష్, ఒక రైడ్. ఎండలు ముదరకముందు పదిమంది దాకా వచ్చేవాళ్లు, ఇప్పుడు నలుగురైదుగురికి మించట్లేదు. ఎక్కువమంది ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లలు. చర్చిలో వాయించేవాళ్లూ ఉన్నారు. మానేసినవాళ్లని అడిగితే "టైము కుదరట్లేదన్నా" అంటారు, అంతకుమించి నోరు విప్పరు.

అందరూ ఎలక్ట్రానిక్ ప్యాడ్ వైపు పోతున్నారా, ఇంటి దగ్గర వాయించుకునే వీల్లేక నీరుగారిపోతున్నారా, లేక మా కిట్టే బాగాలేదా? స్నేర్ గరగరమంటోంది, క్రాష్ అంచున అంగుళం చీలిక ఉంది, పెడల్ కిర్రుమంటోంది. ఇంకో కిట్ కొనే స్తోమత లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక టెంపో:

ముందు లెక్క చూడండి. రెండు గంటలంటే 120 నిమిషాలు. పదిమందికి పంచితే తలా 12. మనిషి మారినప్పుడల్లా స్టూలు ఎత్తు, స్నేర్ ఎత్తు సర్దుకోవడానికి మూడు నిమిషాలు పోతాయి. మిగిలింది తొమ్మిది. తొమ్మిది నిమిషాల కోసం గంటా యాభై నిమిషాలు పక్కవాడి వాయింపు వింటూ ఎవరు కూర్చుంటారండీ?

కిట్ ఒకటే అయినా పనులు నాలుగు పెట్టొచ్చు. 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క మీద 6 మి.మీ. రబ్బరు షీటు అతికిస్తే ప్రాక్టీస్ ప్యాడ్ అయిపోతుంది. పది అంగుళాల చదరం చాలు. అలాంటివి నాలుగు చేయించండి. మెట్రోనోమ్ (లయ చూపే పరికరం) నిమిషానికి 60 మీద పెట్టి, కిట్ మీద ఒకరుండగా నలుగురు ప్యాడ్ల మీద అదే పాఠం వాయించాలి. మిగతావాళ్లు చేత్తో తాళం వేస్తూ నోటితో లెక్క చెప్పాలి. మృదంగం తెలిసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. నాలుగుకి తకధిమి, మూడుకి తకిట. ప్యారాడిడిల్ (కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ) నేర్పేటప్పుడు "తకధిమి తకధిమి" అనిపించండి, చేతులు తికమకపడవు. పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ అనే డ్రమ్మర్ల సంఘం జాబితాలో 40 రూడిమెంట్లున్నాయి (చేతులకి పునాది పాఠాలు) గానీ ఆదివారం క్లాసుకి సింగిల్ స్ట్రోక్ (చేతికొక దెబ్బ), డబుల్ స్ట్రోక్ (చేతికి రెండు), ప్యారాడిడిల్, ఫ్లామ్ (చిన్న దెబ్బ, వెంటనే పెద్ద దెబ్బ) చాలు.

స్టూలు స్టాండుకి మూడు ఎత్తుల దగ్గర రంగు టేపు చుట్టండి. "నాది పసుపు" అంటే సరిపోతుంది, సర్దుడు అర నిమిషంలో అయిపోతుంది.

పటమట ప్యాడ్:

ఆర్కెస్ట్రాల్లో ఇప్పుడు ప్యాడ్‌కే పిలుపులు. ఒక బ్యాగులో పట్టేస్తుంది, బైకు మీద తీసుకెళ్లొచ్చు, పెళ్లి స్టేజీ మీద మైకులు పెట్టే పనుండదు. కుర్రాళ్లు అటు పోవడంలో వింతేముంది?

గుణదల గ్రూవ్:

ప్యాడ్ గారూ, డబ్బు కోసం వాయించేవాళ్ల సంగతి మీరన్నట్టే ఉంటుంది. కానీ ఇక్కడ మానేసింది సరదాకి వచ్చినవాళ్లు. వాళ్లని ప్యాడ్ ఎత్తుకుపోలేదు, ఆ గది తరిమేసింది. ఖాళీ కాంక్రీటు గదిలో డ్రమ్ కిట్ 100 డెసిబెల్స్ దాటడం మామూలే. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం, భద్రత చూసే ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌కి రోజుకి ఎనిమిది గంటలు పరిమితి. పెరిగే ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, అలా 100 దగ్గరికొచ్చేసరికి 15 నిమిషాలు. మీ గదిలో కూర్చున్నవాళ్లందరికీ రెండు గంటలు! తలనొప్పితో ఇంటికెళ్లినవాడు ఆ మాట చెప్పడు, "టైము కుదరట్లేదు" అంటాడు. సేఫ్టీ సామాన్లమ్మే కొట్లో చెవులకి పెట్టుకునే మఫ్‌లు దొరుకుతాయి, ఆరు తెచ్చి పడేయండి. గోడలకి పాత బొంతలు, పరుపులు ఆనించండి. గదిలో మోత తగ్గుతుంది, బయటికెళ్లే చప్పుడు మాత్రం తగ్గదు. గుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెబితే వినకండి. తేలికైన అట్ట శబ్దాన్ని ఆపలేదు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం.

రైలుపేట రిమ్‌షాట్:

బీట్ తమ్ముడూ, కిట్ సంగతికొద్దాం. బాగా పలకని కిట్ మీద కొత్తవాడికి తన తప్పేదో కిట్ తప్పేదో తెలియదు, చెయ్యి బాగాలేదనుకుని మానేస్తాడు. చాలావరకు పైసా ఖర్చు లేకుండా బాగుచేసుకోవచ్చు.

స్నేర్ గరగర. ముందు కింద తీగలు చూడు. వంగిన తీగ ఒకటుంటే అదే మోగుతూ ఉంటుంది, సరిచేయడం కుదరదు, రెండు కొసల దగ్గరా కత్తిరించి తీసెయ్యి. తీగల పట్టీ రెండు వైపులా అంచునుంచి సమాన దూరంలో ఉందా, తాళ్లు సమానంగా బిగిశాయా చూసుకో. తర్వాత లివర్ (తీగల్ని డ్రమ్‌కి ఆనించేది) ఎక్కించి, తీగల్ని బిగించే నాబ్ కొంచెం కొంచెం తిప్పుతూ, అంచు దగ్గర మెల్లగా తట్టినా తీగ పలికే చోట ఆపెయ్యి. ఇంకా బిగిస్తే గొంతు నొక్కినట్టవుతుంది. టామ్ కొట్టినప్పుడు మాత్రమే గరగరమంటే తప్పు తీగది కాదు, ఆ టామూ స్నేరూ ఒకే శ్రుతిలో ఉన్నాయి. టామ్ శ్రుతిని కాస్త పైకో కిందికో జరుపు. ఇంకో మాట, స్నేర్ కింది హెడ్ (డ్రమ్‌కి బిగించే పొర) చాలా పల్చన, సుమారు 3 మిల్లు (మిల్లంటే అంగుళంలో వెయ్యో వంతు). పైది 10 మిల్లు. కింద కూడా పై హెడ్‌నే బిగించిన స్నేర్‌లు ఎన్నో కనిపిస్తాయి, అవి జన్మలో సరిగ్గా పలకవు.

ట్యూనింగ్. హెడ్ కూర్చోబెట్టి రాడ్లన్నీ (హెడ్ చుట్టూ ఉండే బిగింపు బోల్టులు) ముందు చేత్తో బిగించు. తర్వాత డ్రమ్ కీతో ఒకదానికి అర చుట్టు, దానికి ఎదురుగా ఉన్నదానికి అర చుట్టు, అలా ముడతలు పోయేదాకా. వరసగా చుట్టూ బిగించుకుంటూ పోతే హెడ్ ఒక పక్కకి లాగేస్తుంది. ప్రతి రాడ్ దగ్గరా అంచుకి అంగుళం లోపల తట్టి విను, తక్కువ పలికినదాన్ని పావు చుట్టు పెంచు. కిక్‌కి ముడతలు పోగానే ఇంకాస్త బిగిస్తే చాలు, లోపల ఒక చిన్న దుప్పటి రెండు హెడ్లకీ ఆనీ ఆననట్టు పెట్టు.

మేడ మీద గదన్నావు కాబట్టి ఇది ముఖ్యం. ఈ హెడ్లు ప్లాస్టిక్ ఫిల్మ్, డప్పు తోలులా చెమ్మ పీల్చవు, మంట దగ్గర కాచే పని లేదు. కానీ వేడికి ఫిల్మ్ సాగి శ్రుతి దిగుతుంది. మే నెల మధ్యాహ్నం ట్యూన్ చేసి పెడితే రాత్రి చల్లబడ్డాక పైకెక్కి ఉంటుంది. అందుకే వాయించే ముందు, ఆ గది వేడిలోనే చూసుకోవాలి.

క్రాష్. అంచు ఎందుకు చీలుతుందంటే, పైన రెక్క నట్టు ఊపిరాడకుండా బిగించడం వల్ల, పుల్లని అంచుకి నిలువుగా కొట్టడం వల్ల. సింబల్ ఊగాలి. చీలిక కొసన 3 మి.మీ. రంధ్రం వేయించు, కంటికి కనిపించే కొస కన్నా రెండు మూడు మి.మీ. అవతల, ఎందుకంటే చీలిక కనిపించేదానికంటే ముందుకే పాకి ఉంటుంది. డ్రిల్లు నెమ్మదిగా, నూనె చుక్క వేస్తూ. గ్రైండర్ పెట్టనివ్వకు, వేడికి లోహం గుణం మారిపోతుంది. ఇలా చేసినా చీలిక శాశ్వతంగా ఆగుతుందన్న హామీ లేదు, కొన్నాళ్లు లాగుతుంది. స్టాండు మరకి ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో చూడు. అది లేకపోతే మర రాసుకుని సింబల్ మధ్య రంధ్రం తాళంచెవి కన్నంలా తినేస్తుంది. సరిపడే సిలికాన్ ట్యూబు ముక్క తొడిగితే చాలు.

పెడల్ కిర్రుకి కీలు దగ్గరా, స్ప్రింగు పై కొక్కెం దగ్గరా కుట్టుమిషన్ నూనె చెరో చుక్క. హైహ్యాట్ క్లచ్ (పై సింబల్‌ని కడ్డీకి పట్టి ఉంచేది) కింది నట్టు ఊడి పై సింబల్ జారిపడుతుంటే మరకి ప్లంబర్ టేపు రెండు చుట్లు చుట్టి బిగించు.

బెంజ్ సర్కిల్ బ్యాక్‌బీట్:

ఇంటి దగ్గర వాయించుకోలేకపోవడం మా బెజవాడలో ఇంకా ఎక్కువ, అన్నీ ఫ్లాట్లే. శబ్ద కాలుష్య నిబంధనలు (2000) ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. మామూలు కిట్ ఆ లెక్కలో ఇమడదు.

పాత కిట్ ఉన్నవాళ్లు ఎలక్ట్రానిక్ కొనక్కర్లేదు. మెష్ హెడ్లు (జాలీ గుడ్డ పొరలు), చిల్లులున్న తక్కువ శబ్దపు సింబల్స్ వేసుకుంటే గాలిలో వెళ్లే చప్పుడు బాగా తగ్గుతుంది. మెష్ మీద పుల్ల ఎక్కువ ఎగురుతుంది, కాబట్టి వారానికొకసారైనా అసలు హెడ్ మీద చెయ్యి పడాలి, దానికే మీ ఆదివారం గది. కింది ఫ్లాటువాళ్లు తలుపు కొట్టేది మాత్రం కిక్ పెడల్ వల్ల. ఎలక్ట్రానిక్ కిట్‌కైనా ఆ అదురు శ్లాబులోకి నేరుగా దిగుతుంది, కార్పెట్ ఆపలేదు. టెన్నిస్ బంతుల అరుగు చేయించాలి. 18 మి.మీ. ప్లై రెండు ముక్కలు, 5 అడుగులు × 4 అడుగులు. కింది ముక్కకి అడుగు దూరంలో 4.5 సెం.మీ. రంధ్రాలు, 20 చాలు, స్టూలు కింద, పెడల్ కింద రెండేసి అదనం. రంధ్రంలో బంతి కూర్చుంటుంది, జారిపోదు. పై ముక్క దాని మీద. బంతులన్నీ ఒకే వయసువి అయి ఉండాలి, కొత్తవీ పాతవీ కలిపితే ఒక మూల కుంగిపోతుంది. మనిషి కూర్చున్నాక కూడా రెండు పలకల మధ్య ఖాళీ ఉండాలి, అరుగు గోడకి తగలకూడదు. తగిలితే చేసిందంతా వృథా.

బ్రాడీపేట బీట్:

అందరికీ థ్యాంక్సండీ. మఫ్‌లు, ప్రాక్టీస్ ప్యాడ్లు ఈ వారమే తెస్తాం. రిమ్‌షాట్ అన్నా, స్నేర్‌కి ఒక రాడ్ మర పోయింది. బోల్టుల కొట్లో దొరుకుతుందా, లేక ఆటోనగర్ తీసుకెళ్లి చేయించాలా?

రైలుపేట రిమ్‌షాట్:

మామూలు బోల్టుల కొట్లో దొరకడం కష్టం. చాలా కంపెనీల రాడ్లు 12-24 మర, అంటే సుమారు 5.5 మి.మీ. మందం, అంగుళానికి 24 చుట్లు. ఎం5 (5 మి.మీ. మర) వదులుగా పట్టి జారిపోతుంది, ఎం6 బలవంతంగా ఎక్కిస్తే లగ్ (రాడ్ ఎక్కే గూడు) లోపలి మర కూడా పోతుంది, అప్పుడు లగ్గే మార్చాలి. కొన్ని కిట్లకి ఎం5 మరే ఉంటుంది, అందుకే పక్క లగ్ నుంచి మంచి రాడ్ ఒకటి విప్పి నమూనాగా సంగీత వాయిద్యాల కొట్టుకి పట్టుకెళ్లు. పొడవు తలకాయ కింద వాషర్ దగ్గర్నుంచి కొలవాలి. కొనేటప్పుడు నాలుగు తీసుకో, వాషర్లతో సహా. బిగించే ముందు మరకి కాస్త వాసెలిన్ రాయి.