మిద్దె మీద పిల్లలకు రబ్బరు టైల్స్ వేయించాలా, వద్దా?

మాగుంట లేఔట్ అమ్మ:
మా అపార్ట్‌మెంట్‌లో పద్నాలుగు ఫ్లాట్లు. కింద సెల్లార్ అంతా కార్లు. పిల్లలు ఆడుకునేదానికి మిగిలింది మిద్దె ఒక్కటే. అక్కడ ఒక జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు పెట్టి కింద రబ్బరు వేయిద్దామని మీటింగులో అనుకున్నారు. రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి పాత టైర్ల పొడితో చేసిన 25 మి.మీ. నల్ల టైల్స్. రెండోది ఈపీడీఎం అనే రంగుల కృత్రిమ రబ్బరు, రేటు దాదాపు రెట్టింపు. "రెండూ రబ్బరే కదమ్మా, తేడా అంతా రంగుకే" అంటున్నారు మా సెక్రటరీ గారు.

శాంపిల్‌గా ఇచ్చిన నల్ల టైలును ఆదివారం మధ్యాహ్నం మిద్దె మీద పెట్టి, గంట తర్వాత వెళ్లి అరచెయ్యి ఆనించాను. తెల్ల కూల్ పెయింట్ వేసిన చోట చెయ్యి హాయిగా ఆనింది. టైలు మీద నాలుగు లెక్కపెట్టేలోపే తీసేశాను. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లగా అయింది. మా వాడికి మూడేళ్లు, చెప్పులు వేస్తే విసిరేస్తాడు. వేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కావలి నాన్న:
మేడమ్, మీరు వేడి గురించి ఆలోచిస్తున్నారు. నేను కుట్ల గురించి ఆలోచిస్తాను. మా పెద్దోడు రెండేళ్ల కిందట ఉత్త సిమెంటు మీద జారుడుబల్ల మీంచి పడ్డాడు. కనుబొమ్మ పైన ఏడు కుట్లు. ఇప్పటికీ అక్కడ వెంట్రుకలు రావు. మన ఊళ్లల్లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పిల్లల్ని మిద్దె మీదికి పంపే తల్లి ఎవరు? సాయంత్రం ఆరు తర్వాతే కదా ఆడేది! టైరుదో, రంగుదో, ఏదో ఒక రబ్బరు ఉంటే చాలు.

ఒంగోలు సైట్ ఇంజనీరు:
ఏదో ఒక రబ్బరు సరిపోదు అన్నా. ఎంత ఎత్తు నుంచి పడితే ఎంత మందం కావాలనేదే అసలు లెక్క. యూరప్‌లో ఈఎన్ 1177, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్1292 అని ప్రమాణాలున్నాయి. ల్యాబులో సెన్సర్ పెట్టిన లోహపు తలను టైలు మీద ఎత్తు పెంచుకుంటూ పడేస్తారు. తలకు తగిలే దెబ్బ తీవ్రత అంకె 1000కి చేరే ఎత్తే ఆ టైలుకు క్రిటికల్ ఫాల్ హైట్. కంపెనీని బట్టి మారుతుంది గానీ, ఒకటిన్నర మీటరు ఎత్తుకు సాధారణంగా 50 మి.మీ. దరిదాపుల్లో మందం అడుగుతారు. 25 మి.మీ. టైలు తప్పటడుగులు వేసే పిల్లలకు సరే, జారుడుబల్ల కిందికి కాదు.

ఇంకో సంగతి. ఈ పరీక్ష తలకు మాత్రమే. చెయ్యి విరగదని ఏ టైలూ హామీ ఇవ్వదు.

సెక్రటరీ గారి మాట సగం నిజం. అక్కడికక్కడ కలిపి పోసే రకంలో అడుగున ఉండేది చాలాచోట్ల టైరు పొడే, పైన ఒక పొర మాత్రం ఈపీడీఎం. కానీ పిల్లల కాళ్లూ చేతులూ తగిలేది ఆ పై పొరకే, అందుకే దానికి ఆ రేటు.

వేదాయపాళెం తాత:
మేం పెన్నలో ఇసుక మీద గంతులేసి పెరిగినోళ్లం. ఏ సర్టిఫికెట్లూ లేవు. జల్లెడ పట్టిన మెత్తటి ఇసుక అడుగు ఎత్తు పోయండి, అయిపాయె. మిద్దె మీద ఇటుకలతో గట్టు కట్టి పోస్తే ఏమవుతుంది?

ఒంగోలు సైట్ ఇంజనీరు:
తాతగారూ, ఇసుక మంచిదే. అడుగు లోతు ఇసుకను ఆటస్థలాల ప్రమాణాలే ఒప్పుకుంటాయి. కానీ మిద్దె మీద మాత్రం వద్దు. మనుషులు తిరిగే మిద్దె మోయాల్సిన బరువుగా మన దేశపు ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. అడుగు ఇసుక పొడిగా ఉన్నా 480 కిలోల దాకా తూగుతుంది, నవంబరు వానకు తడిస్తే ఇంకా ఎక్కువ. 25 మి.మీ. రబ్బరు టైలు పాతిక కిలోల లోపే. కింద నేల మీదైతే ఇసుక, పైన స్లాబు మీదైతే రబ్బరు. నా మాట అంతే.

కావలి నాన్న:
చూశారా, చివరికి రబ్బరు దగ్గరికే వచ్చారు 😀

కనిగిరి సంపు:
నాదో సందేహం. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. అందుకే డాబా మీద పడిన వాన నీళ్లు పైపులో నేరుగా సంపులోకి దించుకుంటాం, అవే తాగుతాం. టైరు రబ్బరులో జింక్ ఆక్సైడ్ కలుపుతారు, వానకు జింక్ కొంత దిగుతుంది. అమెరికాలో రోడ్ల మీద టైర్లు అరిగి వాగుల్లోకి చేరిన ఒక రసాయనానికి కోహో సాల్మన్ చేపలు చస్తున్నాయని 2020లో తేల్చారు. మనకు సాల్మన్ లేవు, సంపు ఉంది. డాబా నీళ్లు పట్టుకునేవాళ్లు ఆ పైపునైనా సంపు నుంచి విడగొట్టండి, రబ్బరునైనా వదిలేయండి.

నెల్లూరు నైట్ షిఫ్ట్:
యూరప్‌లో టైరు రబ్బరు నిషేధించారంట కదా, క్యాన్సర్ వస్తుందని? వాట్సాప్‌లో తిరుగుతోంది.

ఒంగోలు సైట్ ఇంజనీరు:
పూర్తిగా నిషేధం కాదు బ్రదర్. కృత్రిమ గడ్డి మైదానాల్లో చల్లే రబ్బరు గుళికలకు, ఆటస్థలాల్లో విడిగా పోసే గుళికలకు పీఏహెచ్‌లనే రసాయనాలు 8 రకాలు కలిపి కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని 2022 ఆగస్టు నుంచి హద్దు పెట్టారు. క్యాన్సర్‌కు కారణమవుతాయనే పీఏహెచ్‌లకు ఆ హద్దు. అతికించి చేసిన టైలుకు ఆ నిబంధన నేరుగా వర్తించదు. కాబట్టి భయపెట్టేదానికీ అది వాడొద్దు, ధైర్యం చెప్పేదానికీ వాడొద్దు. ఎండకు జిగురు చచ్చి గోటితో గీకితే గుళికలు రాలే టైలు మాత్రం వద్దు. పాకే పిల్లలు అవి నోట్లో పెట్టుకుంటారు.

వేదాయపాళెం తాత:
ఇంతసేపు రబ్బరే మాట్లాడారు గానీ, ఉయ్యాల మిద్దె మీద పెట్టేదేంది? పిట్టగోడ నడుం దాకా కూడా ఉండదు. దాని పక్కన జారుడుబల్ల పెడితే పిల్లకాయలకు నిచ్చెన వేసిచ్చినట్టే. కింద ఎంత మెత్తగా ఉండి ఏం లాభం?

కావలి నాన్న:
ఆ మాట కాదనలేను. కానీ వేపచెట్టు, ఇసుక, ఖాళీ స్థలం అందరికీ ఉండవు తాతా. ఉన్నది మిద్దే అయినప్పుడు ఉత్త సిమెంటు కంటే రబ్బరే నయం అనే నేనంటాను.

ఒంగోలు సైట్ ఇంజనీరు:
వేయిస్తే మాత్రం స్లాబుకు అతికించొద్దు, అడుగున నీళ్లు పోయే గాళ్లున్న విడి టైల్స్ తీసుకోండి. అతికిస్తే లీకు ఎక్కడుందో కనిపెట్టేదానికి మొత్తం పీకాలి. వేసే ముందు మిద్దెను రెండు రోజులు నీళ్లతో నింపి చూడండి. 2021 నవంబరు వానలకు ఎన్ని స్లాబులు ఉరిశాయో నెల్లూరోళ్లకు నేను చెప్పక్కర్లేదు.

మాగుంట లేఔట్ అమ్మ:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ నల్ల టైల్స్ అతన్ని క్రిటికల్ ఫాల్ హైట్ సర్టిఫికెట్ పంపమని అడిగాను. పంపాడు. 1.5 మీటర్లని ఉంది, సంతోషపడ్డాను. పేజీ పెద్దది చేసి చూస్తే, పరీక్ష చేసింది 50 మి.మీ. టైలుకు. మనకిచ్చే కొటేషన్ 25కి కదా అంటే "అదే కంపెనీ మేడమ్, అదే మెటీరియల్" అంటున్నాడు. ఆ కాగితాన్ని అసోసియేషన్ గ్రూపులో పెట్టాను. ఉయ్యాలలు, జారుడుబల్ల వద్దని ఆరుగురు చెప్పారు. మెట్లగది నీడలో పది అడుగుల మేర టైల్స్ వేసి, అక్కడ చిన్నపిల్లల బొమ్మలు పెడదామని ఇద్దరన్నారు. సెక్రటరీ గారు మెసేజ్ చూశారు, ఇంకా ఏమీ అనలేదు.