లంక గ్రామాల్లో గుంపుగా చెప్పుకునే బాధల్ని రికార్డు చేయడం ఎలా?

కోనసీమ లంక ఊళ్లలో ఆడవాళ్ల మానసిక ఆరోగ్యం మీద పనిచేసే చిన్న సంస్థలో ఫీల్డ్ వర్కర్‌ని. 2022 జులై వరద తర్వాత నుంచి చాలామందికి రాత్రి వాన మొదలైతే నిద్ర పట్టదు, గుండె దడ. మా టీంలోనూ ఇళ్లు మునిగినవాళ్లున్నారు, వాళ్లకీ అదే టెన్షన్.

మాకిచ్చింది డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 తెలుగు ఫారం: గత రెండు వారాల మీద 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. ఇంటికెళ్లి విడిగా అడిగితే "ఏం లేదండి, బానే ఉన్నాం" అంటారు. అంగన్‌వాడీలో పొద్దున 11కి మీటింగ్ పెడితే రాలేదు. అదే మనుషులు సాయంత్రం అరుగు మీద కొబ్బరి తాడు పేనుతూ అన్నీ చెప్పుకుంటారు, ఏడుస్తారు, మావాళ్లూ అక్కడే ఏడ్చి తేలికపడ్డారు.

మన దేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో బొంబాయిలో ఒక అమెరికన్ మిషనరీ చొరవతో మొదలైంది, నేను చదివిన కోర్సులోనూ మనిషిని ఊరి నుంచి విడదీసి ఒక కేసుగా చూడటమే నేర్పారు. ఇక్కడ అది పనిచేయదని నా గట్టి నమ్మకం. చనిపోవాలనిపిస్తోంది అన్నవాళ్లని మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం, అది మానం.

నిధులిచ్చేవాళ్లకి స్కోర్లు కావాలి, అరుగు మాటల నోట్స్ పంపితే తిప్పి పంపారు. పేర్లు బయటపడకుండా ఇలాంటి గుంపులో వచ్చే మార్పుని మీలో ఎవరైనా ఏ రూపంలో రాసి ఒప్పించగలిగారు?