అమరావతి కథలు మీకు నిజంగా నచ్చాయా? ఎందుకు?

పాత అట్ట (చర్చ మొదలుపెట్టినవారు)

మా అపార్ట్‌మెంట్‌లో నెలకో పుస్తకం చదివి మాట్లాడుకునే బృందం ఉంది, తొమ్మిది మందిమి. ఈ నెల సత్యం శంకరమంచి గారి అమరావతి కథలు తీసుకున్నాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: 1970ల్లో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చాయి. మొత్తం నూరు కథలు, బాపు బొమ్మలతో. కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడి గుడి, దాని చుట్టూ ఊరు, ఆ ఊళ్ళో మామూలు మనుషులు. శ్యాం బెనెగల్ వీటినే దూరదర్శన్‌కి హిందీలో సీరియల్‌గా తీశారు.

కూర్చున్న గంటన్నరలో మాటా మాటా పెరిగి ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఒకాయన ఇలాంటి పుస్తకం మళ్ళీ రాదన్నారు. ఒకమ్మాయి, "నూరూ చదివాను, ఏ కథలోనూ ఏమీ జరగలేదు" అంది. నాకైతే నచ్చింది. ఎందుకని అడిగితే మాత్రం చెప్పలేకపోయాను. మీరు చెప్పండి.

గుంటూరు టీచరమ్మ

ఏమీ జరగలేదా! ఆ అమ్మాయికి చెప్పండి, మన ఇళ్ళల్లో రోజూ ఏం జరుగుతుందో ఒకసారి చూసుకోమని. పాలు పొంగుతాయి, ఎవరో అలుగుతారు, ఎవరో పోతారు. అదే కదా బతుకు. "సుడిగుండంలో ముక్కుపుడక", "పుణుకుల బుట్టలో లచ్చితల్లి"... ఈ పేర్లు వింటేనే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మా నాన్నగారు వారపత్రిక రాగానే ముందు ఆ పేజీ తిప్పేవారు. అందరూ చదివాక జాగ్రత్తగా కత్తిరించి, దబ్బనంతో కుట్టి దాచేవారు. రాత్రి భోజనాలయ్యాక పైకి చదివేవారు. అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ వినేది. ఆ కుట్టిన కట్ట ఇప్పటికీ నా దగ్గరుంది, బెంగళూరులో మా అమ్మాయి ఇంట్లో. పేజీలు పెళుసెక్కాయి, ముట్టుకుంటే విరుగుతాయి. అచ్చు పుస్తకం వేరేగా కొన్నాను కానీ చదవాలనిపిస్తే ఆ కట్టే తీస్తాను.

చీరాల కథకుడు

టీచర్ గారి జ్ఞాపకం మంచిదే. కానీ ప్రశ్న అది కాదు. ఇవి కథలా కావా అన్నది ప్రశ్న. నా లెక్కలో ఇవి గల్పికలు, అంటే కథలాంటి చిట్టి రచనలు. కథంటే ఒక సంఘటన ఉండాలి, మనిషి మొదట్లో ఉన్నట్టు చివర్లో ఉండకూడదు. ఇక్కడ చాలావాటిలో ఒక మనిషిని చూపించి, ఒక మంచి వాక్యం రాసి ఆపేశారు. కొడవటిగంటి కుటుంబరావు గారు గల్పికలు రాసి వాటిని గల్పికలనే అన్నారు. శంకరమంచి గారి పుస్తకాన్ని కథలని ఎందుకంటున్నాం?

నెలవంక

బాపు బొమ్మలు తీసేసి చదివి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

గుంటూరు టీచరమ్మ

నేను అచ్చు పుస్తకంలోనూ చదివాను, బొమ్మ వైపు చూడకుండానే చదివాను. ఆ వాక్యాలు బొమ్మ లేకుండానే కనిపిస్తాయి. కృష్ణలో మునిగి లేచినట్టుంటుంది.

లంక ఒడ్డు

ఈ మధ్య "వరద" కథ ఎవరైనా మళ్ళీ చదివారా? మొదటి కథ.

మినీ బస్సు

ఇది రాజధాని అమరావతి మీద పుస్తకమా?

పాత అట్ట

కాదండీ. రాజధాని కట్టేది తుళ్ళూరు, వెలగపూడి వైపు. కథల్లోది గుడి, స్తూపం ఉన్న పాత ఊరు, ధరణికోట పక్కన.

తుళ్ళూరు కోడలు

అడిగారు కాబట్టి చెప్తున్నా. మా అత్తగారిది రాజధానికి భూములిచ్చిన 29 ఊళ్ళలో ఒకటి. నేను కాపురానికొచ్చినప్పుడు మా వీధి చివర అరటి తోట ఉండేది. ఇప్పుడు ఆ దారిన పోతే నాకే దారి తెలియదు. ఆ తోటల్లో కూలికెళ్ళిన ఆడవాళ్ళు ఇప్పుడు ఆటోల్లో ఎక్కడెక్కడికో పోతున్నారు. ఈ పుస్తకం చదివినప్పుడల్లా నాకు ఒకటే దిగులు: మా ఊళ్ళ మీద ఇలా నూరు కథలు ఎవరు రాస్తారు? అవి గల్పికలైనా నాకు చాలు.

చీరాల కథకుడు

గల్పికలైనా చాలు అనడం తేలికండీ. నాలాంటివాళ్ళకి ఆ మాట ఎలా తగిలిందో చెప్పనివ్వండి. మా నాన్నది టైలరింగ్ షాపు. ఆయన చివరి రోజుల్లో చూపు ఆనక, సూదిలో దారం ఎక్కించమని దారిన పోయే పిల్లల్ని పిలిచేవాడు. దాని మీద ఒక కథ రాశాను. మూడు నెలలు కూర్చుని, ఏడుసార్లు తిరగరాశాను. ఒక పత్రికకి పంపితే ఒక్క వాక్యంతో తిప్పి పంపారు: "ఇందులో కథ లేదు." అదే పత్రికలో నెల తిరక్కుండా అమరావతి కథల్ని ఆకాశానికెత్తుతూ వ్యాసం వచ్చింది. ఏమీ జరగకపోవడం ఆయన రాస్తే గొప్ప, నేను రాస్తే తప్పా? కొలత ఒకటే ఉండాలంటున్నాను, అంతే.

నెలవంక

మీ కోపం పత్రిక మీద. పుస్తకం ఏం చేసింది?

చీరాల కథకుడు

పుస్తకం మీద కోపం లేదు. కొలత గురించి అడుగుతున్నాను. వారపత్రిక ఇచ్చే రెండు మూడు పేజీల్లో సరిపెట్టాలి కాబట్టి ఆయన అలా రాశారు. జాగా తక్కువైనందుకు వచ్చిన రూపాన్ని మనం శిల్పం అని పొగుడుతున్నాం.

గుంటూరు టీచరమ్మ

జాగా తక్కువని అలా రాశారా? బాబూ, ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పాను. పది పేజీల కథ చదివితే నిద్రపోయే క్లాసు, ఇవి చదివితే కిటికీ లోంచి చూడటం మానేసేది. తక్కువలో చెప్పడం చేతకాకపోవడమా? మా నాన్నగారు అనేవారు...

లంక ఒడ్డు

నిన్న ఒక ప్రశ్న అడిగాను. ఏడు పోస్టులు పడ్డాయి, ఒక్కరూ జవాబివ్వలేదు. కథా గల్పికా అని కొట్టుకుంటున్నారు. "వరద" చదివారా అంటే చప్పుడు లేదు. ఇది కూడా ఎప్పుడూ జరిగేదే.

గుంటూరు టీచరమ్మ

చదివాం నాయనా, ఎన్నిసార్లో. కృష్ణకి వరదొచ్చి ఊరు మునిగితే పెద్ద కులమాయన సంగడనే దళితుడితో కలిసి అన్నం తింటాడు. నీళ్ళు తీశాక మళ్ళీ మామూలే, ఎవరి గీత వాళ్ళది. అది తప్పని శంకరమంచి గారే రాశారు కదా. ఇంకేం కావాలి?

లంక ఒడ్డు

ఇంకేం కావాలో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మాది కొల్లూరు వైపు లంక గ్రామం, దళితవాడలో ఇల్లు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు మా ఇల్లు పైకప్పు దాకా మునిగింది. మమ్మల్ని పడవల్లో ఒక బడికి చేర్చారు. నాకప్పుడు పదిహేడేళ్ళు. ఆ బడి ఆవరణలో మొదటి రాత్రే రెండు పొయ్యిలు వెలిగాయి. ఎవరూ చెప్పలేదు, ఎవరూ గొడవ పడలేదు. బోరింగు ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి. బియ్యం ఒకే లారీలో వచ్చాయి. ఒకే బస్తా విప్పి రెండు గిన్నెల్లోకి పంచారు. మా అమ్మమ్మ అటు వైపు పొయ్యి దగ్గరికి నిప్పు కోసం వెళ్తే, కాలుతున్న పుల్లని నేల మీద పెట్టి వెనక్కి జరిగారు, తీసుకోమని.

తర్వాత డిగ్రీలో ఈ "వరద" కథ వచ్చింది. లెక్చరర్ పైకి చదివించారు. సంగడి మాటలొచ్చే చోట నన్ను లేపారు. క్లాసులో అరవై మంది ఉన్నారు. నన్నే ఎందుకు లేపారో అందరికీ తెలుసు. కథ అయ్యాక అందరూ ఎంత బాగుందో అన్నారు. నేను కూడా బాగుందన్నాను.

నా మాట ఒకటే. వరదలోనైనా కలిసి తిన్నారని ఆయన రాశారు. మా వరదలో అది కూడా లేదు. ఊరిని అరుగు మీద కూర్చుని చూసినవాళ్ళకి ఆ ఒక్క పూట పెద్ద ఊరట. నేలమీది పుల్ల తీసుకున్నవాళ్ళు రాస్తే కథ అక్కడ మొదలవ్వదు.

నెలవంక

ఒక్క కథ పట్టుకుని నూరు కథల్ని కొట్టేస్తున్నారు.

లంక ఒడ్డు

కొట్టేయలేదు. నా దగ్గరా పుస్తకం ఉంది, డబ్బు పెట్టి కొన్నాను.

గుంటూరు టీచరమ్మ

చాలా బాధగా ఉంది. మీకు జరిగింది దారుణం, కాదనను. కానీ మా నాన్నగారు ప్రాణంగా దాచుకున్న పుస్తకాన్ని కులం పుస్తకం చేస్తే ఎలా ఊరుకుంటాను? ఆయన ఎవరినీ చిన్నచూపు చూడలేదు. ఆయన పైకి చదువుతుంటే మా ఇంట్లో పనిచేసే ఆమె కూడా పెరటి గుమ్మం దగ్గర నిలబడి వినేది, ఏ వారమూ మానకుండా. నవ్వేది, కళ్ళు తుడుచుకునేది. అందరి మనసూ తాకింది కాబట్టే కదా వినింది!

లంక ఒడ్డు

నిలబడి ఎందుకు విన్నదమ్మా?

నెలవంక

ఇది మరీ అన్యాయం. పెద్దావిడతో అలాగేనా మాట్లాడేది.

లంక ఒడ్డు

గౌరవంగానే అడిగాను. మీ అమ్మగారు కూర్చుని బియ్యం ఏరుతున్నారని చెప్పారు. నాన్నగారు కూర్చుని చదువుతున్నారు. ఆమె నిలబడింది. ఈ పుస్తకంలో ఆమెలాంటి వాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, చూశారా ఎంత గొప్ప పుస్తకమో అంటారు. కథలో ఆమె ఉండటం ఒకటి, కథ వినడానికి ఆమె కూర్చోవడం ఒకటి. నేను రెండోదాని గురించి మాట్లాడుతున్నాను.

గోగు శ్యామల గారి "ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం" చదవండి. అదీ రోజువారీ బతుకే. తాండూరు వైపు మాదిగ వాడ, పిల్లలు, పొలం, చెరువు, అమ్మ. అక్కడ వాడ లోపల నిలబడి ఊరి వైపు చూస్తారు. అమరావతి కథల పక్కన పెట్టి చదివితే నేను చెప్పేది తెలుస్తుంది. ఒకటి తీసేసి ఇంకోటి పెట్టమనలేదు.

తుళ్ళూరు కోడలు

నాకు ఇప్పుడు తట్టింది. మా ఊరి కథలు ఎవరు రాస్తారని అడిగాను కదా, రాస్తే తోట ఉన్నవాళ్ళవి రాస్తారా, తోటలో కూలికెళ్ళినవాళ్ళవా అని నేను ఆలోచించలేదు.

చీరాల కథకుడు

లంక గారూ, నా గొడవలో పడి మీ ప్రశ్న చూడలేదు. క్షమించండి. ఆ నేల మీద పెట్టిన పుల్ల సంగతి రాయండి. మలుపు లేదనీ ముగింపు లేదనీ ఎవరన్నా రాయండి. (గల్పిక అన్న మాట మీద మాత్రం నేను వెనక్కి తగ్గను. దాని మీద వేరే చర్చ పెడతాను.)

గుంటూరు టీచరమ్మ

రెండు రోజులు ఇటు రాలేదు. కోపమొచ్చింది, నిజం.

ఆమెని కూర్చోమని మా ఇంట్లో ఎవరూ అనలేదు. నాన్నగారూ అనలేదు. నాకప్పుడు పన్నెండేళ్ళు, నాకూ అనాలని తోచలేదు. చదవడం అయ్యేదాకా అలా నిలబడే ఉండేది. పొద్దుట్నుంచీ పనిచేసిన మనిషి.

అలాగని పుస్తకం నాకు తక్కువ కాలేదు, కాదు కూడా. ఆ కట్ట అలాగే ఉంటుంది. మీరు చెప్పిన పుస్తకం మా అమ్మాయి ఆర్డర్ పెట్టింది. చదివి నచ్చకపోతే నచ్చలేదనే రాస్తాను, మొహమాటపడను.

లంక ఒడ్డు

తప్పకుండా అలాగే రాయండి అమ్మా.

కథకుడు గారూ, నాకు రాయడం రాదు. మా అమ్మమ్మ చెబుతుంది. సెలవుకి వెళ్ళినప్పుడల్లా ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. ఆమెకి ఎనభై దాటాయి. 2009 సంగతి అడిగితే, అది కాదు, అంతకుముందు వరద చెప్తానంటుంది.