ఒకే చెరువు, అవే చేపలు: రెండు రకాల నీటికాకులు ఎలా బతుకుతున్నాయి?

మాది కావలి. సంక్రాంతి సెలవుల్లో మా పాపను సూళ్లూరుపేట దగ్గరున్న నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లా. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), నీటికాకులు, నత్తగుల్ల కొంగలు పక్కపక్కనే గూళ్లు కట్టుకున్నాయి. "ఒకదాని చేపలు ఇంకోటి లాక్కోదా నాన్నా?" అంది. నత్తగుల్ల కొంగకు నత్తలు, గూడబాతు నీటి పైపైన సంచితో చేపలు దేవుకుంటుంది అని చెప్పి బయటపడ్డా.

తీరా నాకే చిక్కు మిగిలింది. నీటికాకుల్లో చిన్నవీ ఉన్నాయి, కాస్త పెద్దవీ ఉన్నాయి. రెండూ మునిగి చేపలే పడతాయి. ఒకే తిండి మీద పడ్డ రెండు పారమీసియం (ఏకకణ జీవి) జాతుల్లో ఒకటే మిగులుతుందని 1934లోనే రష్యా శాస్త్రవేత్త గాజ్ చూపించాడు కదా! అయితే పరిస్థితులు మారుతూ ఉంటే ఎవరూ పూర్తిగా గెలిచేంత వ్యవధి దొరకదని 1961లో ప్లవకాల (నీళ్లలో తేలే సూక్ష్మజీవుల) విషయంలో జీవావరణ శాస్త్రవేత్త హచిన్సన్ అన్నాడు. మన చెరువులూ అంతే, ఈశాన్య రుతుపవనాలకు నిండుతాయి, ఎండాకాలం అడుగంటుతాయి.

ఇక్కడ అసలు పనిచేసేది ఏది? చేప సైజు, మునిగే లోతుల్లో తేడానా, నీటి హెచ్చుతగ్గులా? రెండు జాతులు కలిసి బతకాలంటే పరాయి జాతితో కన్నా సొంత జాతితోనే పోటీ ఎక్కువుండాలన్న జీవావరణ శాస్త్రవేత్త ఛెసన్ షరతును ఏటా గూళ్లు లెక్కపెట్టి పరీక్షించొచ్చా? జువాలజీ చదివినవాళ్లు కాస్త చెప్పండి. పాప వదిలేలా లేదు.