పేరున్న పెద్దలను ఇంగ్లీషులో ‘బిగ్‌విగ్స్’ అనొచ్చా?

బ్రాడీపేట మాస్టారు:
మా కాలేజీ వార్షికోత్సవం మీద డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి ఇంగ్లీషులో రిపోర్టు రాసింది. చక్కగా రాసింది. అందులో ఊళ్లోని ‘బిగ్‌విగ్స్’ అందరూ వచ్చి సభకు వన్నె తెచ్చారని ఒక వాక్యం ఉంది. సీనియర్ మేడమ్ ఒకరు ఆ మాట కొట్టేసి ‘డిగ్నిటరీస్’ అని రాశారు. దాంతో స్టాఫ్ రూమ్ రెండు పక్షాలైంది. పేపర్లలో రోజూ కనపడే మాటే కదా, పిల్లను ఎందుకు తప్పు పట్టడం అని కొందరంటున్నారు. నేను మేడమ్ పక్షం. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండులో జడ్జీలు, బిషప్పులు, డబ్బున్న దొరలు భుజాల మీద పడేంత పెద్ద విగ్గులు పెట్టుకుని తిరిగేవాళ్లు, వాళ్లను చూసి జనం అన్న మాట ఇది. మనిషి ఏం చేశాడన్నది అందులో లేదు, నెత్తిన ఏం పెట్టుకున్నాడన్నదే ఉంది. తెలుగులో అయితే మనం పిలిచి శాలువా కప్పిన వాళ్ల గురించి ‘పెద్ద తలకాయలు వచ్చాయి’ అని రాస్తామా? మీరేమంటారో చెప్పండి.

పటమట డెస్కు:
నేను ఒప్పుకోను మాస్టారూ. ఇంగ్లీషు పేపరు డెస్కులో పనిచేస్తాను, వారానికి ఒకసారైనా ఈ మాట నా చేతి మీదుగా పోతుంది. మాట ఎక్కడ పుట్టిందో చూసి ఇవాళ్టి అర్థం తేల్చకూడదు. 1795లో విగ్గులకు కొట్టే పౌడరు మీద ఏడాదికి ఒక గినీ పన్ను వేశాక, అప్పటికే తగ్గుతున్న ఆ ఫ్యాషన్ ఇంకా తొందరగా పడిపోయింది. ఇప్పుడు చదివేవాళ్లలో ఎవరికి విగ్గు గుర్తొస్తుంది చెప్పండి? ‘టైకూన్’ చూడండి. జపాన్‌ను ఏలిన సైన్యాధిపతి షోగన్‌ను విదేశీయుల ముందు చెప్పేటప్పుడు వాడిన బిరుదు అది, అమెరికాలో లింకన్ దగ్గర పనిచేసిన సెక్రటరీలు ఆయన్ను ముద్దుగా అలా పిలుచుకున్నారు, తర్వాత్తర్వాత కోట్లకు పడగలెత్తిన వ్యాపారి అనే అర్థం స్థిరపడింది. ‘మాండరిన్’ అయితే మన ‘మంత్రి’ మాటే, మలయ్ భాషలోకి వెళ్లి, పోర్చుగీసు వాళ్ల నోట పడి ఇంగ్లీషుకు చేరింది. లండన్‌లో సీనియర్ అధికారులను అలా అంటారు, ఎవరికీ మంత్రి గుర్తు రాడు. ఇంకో సంగతి, మాకు హెడ్డింగులో జాగా ఉండదు. బిగ్‌విగ్స్‌కు ఏడు అక్షరాలు, డిగ్నిటరీస్‌కు పదకొండు.

బ్రాడీపేట మాస్టారు:
సరే, పుట్టుక వదిలేద్దాం, ఇవాళ్టి వాడుకే చూద్దాం. మీ పేపర్లలోనే ఆ మాట ఏ వార్తల్లో వస్తోంది? టికెట్లు పంచుకున్న పార్టీ పెద్దలు, కేసులో ఇరుక్కున్న బడాబాబులు, రాత్రికి రాత్రి ఫైలు కదిలించిన వాళ్లు. గుంటూరు వాళ్లం కాబట్టి గుంటూరు పేరే చెబుతాను. దేశభక్త కొండా వెంకటప్పయ్య గారి గురించి రాస్తూ ఎవరైనా బిగ్‌విగ్ అంటారా? శారదా నికేతన్ పెట్టి ఆడపిల్లలకు చదువు చెప్పించిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని ‘బిగ్ షాట్’ అంటారా? చెయ్యి రాదు. అంటే ఆ మాటలో ఏదో ఉందనేగా. పలుకుబడి ఉందని చెబుతుంది, గౌరవించదగినవాడని చెప్పదు. మన పిల్లలకు ఆ తేడా ఎవరూ చెప్పడం లేదు. డిక్షనరీలో ‘ముఖ్యమైన వ్యక్తి’ అని చూసి రాసేస్తారు.

అరండల్‌పేట:
సార్, గ్రూప్స్‌కు చదువుతున్నాను, నాకూ ఇదే టెన్షన్. ‘బిజినెస్ మాగ్నెట్’ అని రాస్తే మా కోచింగ్‌లో సార్ తప్పు కొట్టారు. తెలుగు పేపర్లలో అలాగే వస్తోంది కదా? ‘కింగ్‌పిన్’ కూడా పెద్ద నాయకుడు అనేనా?

గవర్నరుపేట ప్లీడరు:
అమ్మాయ్, మీ సార్ కరెక్టు. మాగ్నెట్ అంటే అయస్కాంతం. పెద్ద వ్యాపారిని అనేది ‘మాగ్నేట్’, గొప్ప అని అర్థమొచ్చే లాటిన్ మాట నుంచి వచ్చింది, స్పెల్లింగు వేరు, పలకడం వేరు. కింగ్‌పిన్ ఎవరినీ పొగుడుతూ వాడకు, కోర్టు కాగితాల్లో నేను చూసేదంతా ముఠా నడిపించేవాడు అనే అర్థంలోనే.

ఇక మాస్టారి మాటకు వస్తాను. ఇంగ్లీషులో పెద్దవాళ్లను చెప్పే మాటలు చాలావరకు అనుమానంతోనే ఉంటాయి. మన దగ్గర నుంచి వెళ్లినవే చూడండి. ‘నవాబు’ అక్కడ ‘నేబాబ్’ అయింది. కంపెనీ ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి, సంపాదించుకుని 18వ శతాబ్దంలో తిరిగి వెళ్లి, భూములూ పార్లమెంటు సీట్లూ కొనుక్కున్న వాళ్లను అక్కడి జనం వెక్కిరిస్తూ అన్న మాట అది. మొగల్ పాదుషాల పేరు సినిమా కంపెనీల యజమానులకు వెళ్లింది. ‘పండిట్’ అంటే టీవీలో కూర్చుని ఎన్నికల మీద వ్యాఖ్యానం చేసేవాడు. శాస్త్రాలు చదివిన మనిషికి మనం ఇచ్చిన మాట, అక్కడ అలా తేలింది. అధికారం ఉన్నవాణ్ని కొంచెం కిందికి లాగి చూడటం ఆ భాష అలవాటు, నాకు అది మంచి అలవాటే అనిపిస్తుంది, పెద్ద మనిషి అనగానే లేచి నిలబడే మన అలవాటు కన్నా నయం. కాకపోతే సన్మాన సభ రిపోర్టులో దానికి చోటు లేదు. అక్కడ ‘ఎమినెంట్’, ‘డిస్టింగ్విష్డ్’ లాంటివి రాయాలి. ఒక రంగంలో అందరికన్నా పెద్దవారైతే ‘డోయెన్’ అనొచ్చు.

లబ్బీపేట:
అందరూ బిగ్‌విగ్ దగ్గరే ఆగిపోయారు, అసలు పీడ ‘వీఐపీ’ అండీ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ సైనికుల వాడుకలో ఊపందుకున్న పొట్టి మాట, ప్రయాణంలో ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యాల్సిన మనిషి అని గుర్తు అంతే. మనం దాన్ని మనిషి స్థాయి చేసేశాం, చాలక పైన ఇంకో ‘వీ’ తగిలించాం. 2017 మే 1 నుంచి కార్ల మీద ఎర్ర లైట్లు తీసేశారు, ఆ మాట మాత్రం కుర్చీల మీద, పాసుల మీద, గుడి క్యూల మీద అలాగే ఉంది. మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి కింద చంటిపిల్లలతో గంటల తరబడి నిలబడ్డ తల్లులను చూడండి, వాళ్ల ముందు నుంచి ఆ మాట పేరు చెప్పుకుని మనుషులు వెళ్లిపోతుంటే నాకు కడుపు మండుతుంది. రాజ్యాంగం 18వ అధికరణంలో బిరుదులు రద్దు చేసింది కదా, ఇది బిరుదు కాదా?

గవర్నరుపేట ప్లీడరు:
మీ కోపం న్యాయమే, చట్టం మాత్రం అంత దూరం రాదండీ. ఆ అధికరణం రాజ్యం ఇచ్చే బిరుదుల గురించి. పద్మ పురస్కారాలు కూడా బిరుదులే అని కేసు వేస్తే 1995లో సుప్రీంకోర్టు కాదని చెప్పింది, కానీ పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని కూడా చెప్పింది. మన ఫ్లెక్సీల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. మాస్టారూ, మీ అమ్మాయికి ఇది చెప్పండి: అతిథుల్లో పద్మశ్రీ అందుకున్న వారు ఉంటే పేరుకు ముందు అతికించకుండా, ఫలానా ఏడాది ఆ పురస్కారం పొందారని విడిగా రాయమనండి. అలాగే ‘డిగ్నిటరీస్’ అని గుంపుగా తోసేయకుండా ఎవరు వచ్చారు, ఏం పని చేశారు అని పేరుపేరునా రాస్తే ఇంకా మంచిది.

పటమట డెస్కు:
పేరుపేరునా రాయమన్నది నాకు నచ్చింది, కాలేజీ రిపోర్టుకు అదే సరైన పద్ధతి. వెంకటప్పయ్య గారికి ఆ మాట వాడనన్నదీ నిజమే. కానీ నా హెడ్డింగుల్లో మార్చను మాస్టారూ. పదవి పట్టుకుని కూర్చుని జనానికి జవాబు చెప్పని వాళ్ల గురించి రాసేటప్పుడు ‘ఎమినెంట్’ అని ఎలా రాయమంటారు?