చర్చ: మిషన్ లేకుండా చేత్తో కుట్టిన ప్యాచ్‌వర్క్ జీన్స్ నిలుస్తుందా?

మద్దిలపాలెం_హాస్టల్
రెండు పాత జీన్సులున్నాయి. ఒకటి ఇంకా సరిపోతుంది గానీ ఎడమ మోకాలు చిరిగింది, తొడల మధ్య గుడ్డ పల్చబడి అవతలి వెలుతురు కనిపిస్తోంది. రెండోది పొట్టి అయిపోయింది, ముక్కలు కోసేయొచ్చు. మొదటిదాని ముందు భాగం మీద, జేబు కింద నుంచి పిక్క దాకా ముక్కలు వేద్దామని ఉంది. హాస్టల్లో మిషన్ లేదు. ఇస్త్రీపెట్టె, సూది, దారం ఉన్నాయి. గుడ్డ గమ్‌తో అంటిస్తే చాలని ఒకరు, చేతికుట్టు నాలుగు ఉతుకులకు ఊడిపోతుందని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నిజం? ఇది రోజూ కాలేజీకి వేసుకునే ప్యాంటు, ఫొటో కోసం కాదు.

సింహాచలం_సంపెంగ
గమ్ వద్దమ్మా. ఆరాక అట్టలా బిగుసుకుంటుంది. ఆ చోట సూది దిగదు, దిగినా జిగురు పట్టి దారం కదలదు. గుండుసూదికి బదులుగా ముక్క మధ్యలో ఒక చుక్క పెట్టుకో, అంతవరకే.

గాజువాక_కత్తెర
నిలుస్తుందమ్మా, కానీ బ్యాక్‌స్టిచ్ వేస్తేనే. సూది ముందుకి తీసి, వెనక్కొచ్చి, పాత కుట్టు చివర్లోనే మళ్లీ దించాలి. పైన 3 మిల్లీమీటర్లు, అడుగున 6. చేతికుట్లలో మిషన్ కుట్టుకి దగ్గరగా ఉండేది ఇదే. ఒక కుట్టు తెగినా పక్కది పట్టుకునే ఉంటుంది. రన్నింగ్ స్టిచ్, అంటే సూది పైకీ కిందికీ దించుకుంటూ ముందుకే పోయే కుట్టు, అలా కాదు, ఒకచోట తెగితే లాగిన కొద్దీ జారుతుంది.

దానికంటే ముందు ఇంకో పనుంది. గొట్టంలా ఉన్న కాల్లో చెయ్యి దూర్చి కుట్టకు, రెండు వైపులూ కలిసి కుట్టుపడిపోతాయి. ప్యాంటు తిరగేసి చూడు. చాలావాటికి లోపలి కాలి జాయింటు మడతపెట్టి రెండు వరసలు కుట్టి ఉంటుంది, దాని జోలికి పోకు. బయటి జాయింటు మామూలు కుట్టు, అంచుకి పోగులు ఊడకుండా చుట్టే ఓవర్‌లాక్ కుట్టు. అది విప్పాలి. జేబు సంచి కూడా ఆ జాయింటులోనే కలిసి ఉంటుంది కాబట్టి సంచి అయిపోయిన చోటు నుంచి మొదలుపెట్టి పాదం దాకా విప్పు, పాదం మడత కూడా రెండంగుళాలు విప్పు. కాలు చాపలా పరుచుకుంటుంది. ముక్కలు పేర్చి, తర్వాత తీసేసే కచ్చా కుట్లు వేసి, కుట్టేశాక జాయింటు మూసేయడమే.

దారం పాలిస్టర్ తీసుకో. మామూలు రీలు దారం రెండు పోగులు చేసి, కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగు. రెండు పోగులు కలిపాక మూరెడు పొడవు చాలు. బారెడు తీసుకుంటే మెలికపడి ముడులొస్తాయి.

ముక్కల అంచులు మడవకు. మడిస్తే నాలుగు మూలలు కలిసేచోట ఎనిమిది పొరలు, కింద ప్యాంటు తొమ్మిదోది. ఏ సూదీ దిగదు. ఒక ముక్క మీద ఇంకోటి సెంటీమీటరున్నర ఎక్కించి, గోడకి ఇటుకలు పేర్చినట్టు జరిపి పెట్టు. అంచుకి అర సెంటీమీటరు లోపల కుట్టు వెయ్యి. పోగులు కుట్టు దాకా ఊడి అక్కడ ఆగిపోతాయి.

అతుకులబొంత
జాయింటు విప్పమన్నది బంగారంలాంటి మాట, ఇటుక పేర్పు కూడా. బ్యాక్‌స్టిచ్ వేస్తేనే అన్నదే నేను ఒప్పుకోను.

మన ఇళ్లలో బొంతలన్నీ రన్నింగ్ స్టిచ్‌వే. ఉత్తర కన్నడలో సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవండి బొంతలూ అంతే, అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకి వస్తూ వరసలు వేస్తారు, మిషన్ ఊసే ఉండదు. బలం ఒక్క కుట్టులో ఉండదు, వరసల్లో ఉంటుంది. లాగుడు నలభై వరసల మీద పంచుకుంటే ఏ ఒక్క దారం మీదా భారం పడదు.

తొడల మధ్య పల్చబడ్డ చోటుకి అదే మందు. ముక్క లోపలి వైపు పెట్టాలి, అదీ జీన్స్ ముక్క కాదు, పాత కాటన్ చొక్కాలాంటి మెత్తటి గుడ్డ. పల్చబడ్డ చోటు చుట్టూ మూడు సెంటీమీటర్లు మంచి గుడ్డ మీదకి రావాలి. మూలలు గుండ్రంగా కత్తిరించాలి, చతురస్రపు మూల ముందు లేస్తుంది. అర సెంటీమీటరుకో వరస, ఒక్కో కుట్టు 4 మిల్లీమీటర్లు. వరస చివర దారం బిగించొద్దు, కాస్త వదులుగా తిప్పి తర్వాతి వరసకి రావాలి. అక్కడ బ్యాక్‌స్టిచ్ వేస్తే అడుగున గట్టు కట్టి, నడిచినప్పుడల్లా తొడ ఒరుసుకుంటుంది.

గాజువాక_కత్తెర
బొంత మీద పడుకుంటారమ్మా. జీన్స్ బస్సెక్కుతుంది, బండి మీద కూర్చుంటుంది, మోకాలు వంగుతుంది. రెంటికీ పోలికేటి?

కంచరపాలెం_కేక
బ్యాక్‌స్టిచ్‌కే నా ఓటు.

ఎంవీపీ_మేడ
ఇద్దరూ గంటల లెక్క చెప్పలేదు. పది సెంటీమీటర్ల ముక్కలు అడ్డంగా రెండు, నిలువునా ఆరు అనుకుంటే కాలికి పన్నెండు, మొత్తం ఇరవైనాలుగు. గీతలు కలిపితే కాలికి 320 సెంటీమీటర్లు, రెండు కాళ్లకి 640. కుట్టు 3 మిల్లీమీటర్లైతే 2,130 కుట్లు దాటుతాయి. జీన్స్ మీద నిమిషానికి పది పడితే మూడున్నర గంటలు, ఆరే పడితే ఆరు గంటలు. బ్యాక్‌స్టిచ్ గీత పొడవుకి మూడున్నర రెట్లు దారం తింటుంది, రెండు పోగులకి 45 మీటర్లు. ఒక్క ఆదివారం సరిపోదు, రెండు అనుకోండి.

గాజువాక_కత్తెర
లెక్క సరిగ్గా ఉంది. ఇప్పుడు బొంత గారి పద్ధతి లెక్కేయండి. ముక్క ముక్కకీ సెంటీమీటరుకో వరస వేసినా ఒక్కో ముక్కకి మీటరు, ఇరవైనాలుగు ముక్కలకి 24 మీటర్లు. ఆ పిల్లకి పరీక్షలొచ్చేస్తాయి.

అతుకులబొంత
అన్ని ముక్కలకీ వరసలు వేయమని నేనెక్కడా అనలేదు. తొడల మధ్య, మోకాలి మీద వరసలు. మిగతా ముక్కలకి అంచు చుట్టూ రెండు వరుసల రన్నింగ్ స్టిచ్, మొదటి వరస ఖాళీల్లో రెండోది పడేలా. చదివి జవాబివ్వండి.

పెందుర్తి_ప్యాసింజర్
ఎలాంటి సూదో ఎవరూ చెప్పలేదు. సన్నటి సూది వంగిపోతుంది, గోనెసూది పెద్ద కన్నం చేస్తుంది. పొట్టిగా, కాస్త లావుగా, కొన వాడిగా ఉండే సూది బాగుంటుంది. లాగడానికి పగిలిన బెలూన్ ముక్క వేళ్లకి చుట్టుకుంటే జారదు. మందంగా ఉన్న జాయింటుని తడిగుడ్డ కప్పి సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే అణుగుతుంది. ఇంకోమాట, సూదులు రాత్రంతా గుడ్డకి గుచ్చి వదిలేయకండి. మన సముద్రపు గాలికి తుప్పు మరక పడుతుంది, అది తొందరగా పోదు.

సింహాచలం_సంపెంగ
ముక్కలు కోసే ముందు రెండు ప్యాంట్లూ వేడినీళ్లలో ఉతికి ఆరేయాలి. రంగు దిగుతుందేమో తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. ముక్కలో నిలువు పోగు ప్యాంటు నిలువు పోగుతో కలవాలి, లేకపోతే ముక్క సాగి ముడతలొస్తాయి.

గాజువాక_కత్తెర
అందరూ బాగా చెబుతున్నారు గానీ అసలు మాట పక్కకి పోతోంది. జీన్స్ పుట్టిందే కుట్టు నిలవడం కోసం. పని చేసేవాళ్ల ప్యాంటు జేబులు ఊడిపోతున్నాయనే జేకబ్ డేవిస్ అనే టైలర్ రాగి రివెట్లు కొట్టాడు, 1873లో లీవై స్ట్రాస్‌తో కలిసి పేటెంట్ తీసుకున్నాడు. అలాంటి గుడ్డకి బొంత కుట్టు వేస్తే దాని పరువేముంది?

అతుకులబొంత
ఆయన రివెట్లు ఎక్కడ కొట్టాడు? జేబు మూలల్లాంటి లాగుడు పడే చోట్ల. గుడ్డంతా కొట్టలేదు. గట్టిగా ఉండాల్సిన చోటు వేరు, వంగాల్సిన చోటు వేరు.

మోకాలికి మిషన్ మీద మందపాటి ముక్క వేయించిన ప్యాంటు ఒకటి ఇప్పుడు నా ముందే ఉంది. మూడు వారాలు తిప్పించుకుని కుట్టిచ్చారు. చతురస్రం, చుట్టూ రెండు వరసల దగ్గర కుట్టు, మధ్యలో ఇంటూ గుర్తు. కుట్టు ఈరోజుకీ ఒక్క పోగు తెగలేదు. నెల తిరక్కుండా ముక్క అంచుని ఆనుకుని ప్యాంటే చిరిగింది, బ్లేడుతో గీసినట్టు. ఆ కుట్టు కన్నాలే చిరుగుకి దారి చూపించాయి. మీ గట్టి కుట్టు చేసిన పని ఇది.

గాజువాక_కత్తెర
ఎవరో చేసిన పనికి నన్నంటారేటండీ? గుడ్డ నీరసించిన చోట అంచు పెడితే ఎవరు కుట్టినా అలాగే చిరుగుతుంది. మంచి గుడ్డ మీదకి రాకుండా ముక్క కత్తిరించారు, అదీ తప్పు. అతుకు వేయడానికి వచ్చేవాళ్లు పైసా ఎక్కువ ఇవ్వరు, మందం మీద మిషన్ సూదులు విరిగేది మాకు, మాటలు పడేదీ మేమే. చేతికుట్టు గొప్పదైతే మా దగ్గరకి ఎందుకు తేవడం?

కంచరపాలెం_కేక
మెల్లగా మాట్లాడండి, అడిగిన అమ్మాయి చూస్తోంది.

అతుకులబొంత
కోపం తెచ్చుకోకండి. మీ కష్టాన్ని నేను తక్కువ చేయలేదు. ఒక్కటే అడుగుతాను, దానికి జవాబివ్వండి. గట్టిగా లాగుడు పడినప్పుడు ముందు ఏది పోవాలి, దారమా, గుడ్డా?

గాజువాక_కత్తెర
రెండూ పోకూడదు. అలా కుట్టడమే పని. నా చేతి నుంచి వెళ్లిన జాయింటు మళ్లీ నా దగ్గరకి రాకూడదు.

అతుకులబొంత
మన తేడా ఇదే, పొద్దుటి నుంచి కుట్టు పేరు పెట్టుకుని కొట్టుకుంటున్నాం. కొత్త గుడ్డకి మీ మాట చెల్లుతుంది. పాత గుడ్డ ఎప్పుడో ఒకచోట పోవాల్సిందే. దారం తెగితే పావుగంటలో మళ్లీ కుట్టుకుంటాం. గుడ్డ చిరిగితే ఇంకో ముక్క, దాని అంచున ఇంకో చిరుగు. అందుకే పాత గుడ్డ మీద దారం గుడ్డ కన్నా ఒక మెట్టు తక్కువ బలంగా ఉండాలి. పాలిస్టర్ రెండు పోగులు కాదు, కాటన్ ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగుల్లో మూడు. బొంతకి ఏడాదికోసారి వరసలు మళ్లీ వేస్తాం, దాన్ని ఎవరూ పాడైందనరు.

గాజువాక_కత్తెర
ఏడాదికోసారి కుట్టుకునే ఓపిక మీకుంటుంది. హాస్టల్ పిల్లకి ఉంటుందా? బస్టాపులో జాయింటు విడిపోతే ఆమె పరిస్థితేటి? బయటి జాయింటు, జేబు పక్క, సీటు, ఇవి తెగకూడని చోట్లు. అక్కడ పాలిస్టర్, బ్యాక్‌స్టిచ్, అంగుళానికి ఎనిమిది కుట్లు. ఇందులో నేను తగ్గను.

అతుకులబొంత
అక్కడ నేనూ తగ్గమనను. జాయింటు మీది. తొడల మధ్య, మోకాలు నావి.

మద్దిలపాలెం_హాస్టల్
అన్నా, అక్కా, ఒక విషయం ముందే చెప్పాల్సింది. లోపలి లేబుల్ ఇప్పుడు చూశాను. వేసుకునే ప్యాంటులో 2 శాతం ఎలాస్టేన్ ఉంది. కోసే ప్యాంటు పూర్తి కాటన్, చాలా మందం.

ఎంవీపీ_మేడ
ఇది మొదటే అడగాల్సింది. కింద సాగే గుడ్డ, పైన సాగని ముక్క. లెక్క మారిపోతుంది.

గాజువాక_కత్తెర
అవును, నేను అడగకుండా చెప్పాను, తప్పే. సాగే జీన్స్ అడ్డంగా, అంటే కాలి చుట్టూ సాగుతుంది. మందపాటి ముక్కల్ని అంచు నుంచి అంచుకి పరిచేస్తే సాగడం ఆగిపోయి తొడ దగ్గర బిగుస్తుంది, కూర్చోవడం కష్టం. అడ్డంగా రెండు ముక్కలు వద్దు. మధ్యలో ఒక్క నిలువు పట్టీలా ముక్కలు వెయ్యి, రెండు వైపులా నాలుగేసి వేళ్ల ప్యాంటు గుడ్డ వదిలెయ్యి, సాగడానికి చోటుంటుంది. మోకాలి ముక్క క్రాస్‌లో, అంటే పోగులకి ఏటవాలుగా కత్తిరించు. సాగని గుడ్డ కూడా క్రాస్‌లో కొంత సాగుతుంది.

సింహాచలం_సంపెంగ
నేను నిలువు పోగు కలపమన్నది మోకాలికి వర్తించదన్నమాట. మిగతావాటికి అలాగే.

అతుకులబొంత
మోకాలి ముక్కకి రన్నింగ్ స్టిచ్ కూడా వద్దు, నా మాట నేనే సవరిస్తున్నాను. రన్నింగ్ స్టిచ్‌లో దారం తిన్నగా ఉంటుంది, గుడ్డ సాగితే దారం సాగదు. అక్కడ హెరింగ్‌బోన్ వేయాలి, ఒక కుట్టు ముక్క మీద, ఒకటి ప్యాంటు మీద, ఏటవాలుగా అటూ ఇటూ. ఆ వాలు వల్ల సాగడానికి జాగా ఉంటుంది. ముక్క గుచ్చేటప్పుడు ప్యాంటు వేసుకుని, కుర్చీలో కూర్చుని, మోకాలు వంచి గుచ్చుకో. నిలబడి గుచ్చితే వంచినప్పుడు అంచు దగ్గర లాగేస్తుంది. గుండుసూది కాదు, పిన్నీసు.

పెందుర్తి_ప్యాసింజర్
వానాకాలం సంగతి కూడా చూసుకోండి. రెండు మూడు పొరలున్న జీన్స్ ఈ ఉక్కపోతలో ఒక్క రోజులో ఆరదు, వాసన పడుతుంది. తిరగేసి, ఫ్యాను కింద, నడుము పైకి వచ్చేలా వేలాడదీయాలి.

మద్దిలపాలెం_హాస్టల్
అయితే ఇలా చేస్తాను. తొడల మధ్య లోపల కాటన్ గుడ్డ, మూడు పోగుల దారం, అర సెంటీమీటరు వరసలు. మోకాలికి క్రాస్ ముక్క, హెరింగ్‌బోన్. మిగతావి నిలువు పట్టీలో కాలికి నాలుగు ముక్కలు, అంచు చుట్టూ కుట్టు. ఈ నాలుగింటికి బ్యాక్‌స్టిచ్చా, రెండు వరసల రన్నింగ్ స్టిచ్చా?

గాజువాక_కత్తెర
బ్యాక్‌స్టిచ్.

అతుకులబొంత
రెండు వరసలు. కుడి కాలికి ఆయనది, ఎడమ కాలికి నాది వేసి ఆరునెలల తర్వాత ఇక్కడే ఫొటో పెట్టమ్మా.

గాజువాక_కత్తెర
సరే, పెట్టనీ. ఒక్కటి మర్చిపోకు తల్లీ. బయటి జాయింటు విప్పకముందే, జానెడుకో చోట సుద్దతో ముందు భాగానికీ వెనక భాగానికీ కలిపి అడ్డగీత గియ్యి. ముక్కలు వేశాక ముందు భాగం ఎంతో కొంత ముడుచుకుంటుంది, మూసేటప్పుడు పొడవు కలవదు. ఆ గీతలు కలుపుకుంటూ కుడితే కాలు మెలి తిరగదు. సుద్ద చెరిగిపోతుందనిపిస్తే రంగు దారంతో ఒక్కో టాకా వేసి పెట్టుకో.